ఏ పువ్వు ఏ వేళ విచ్చుకుంటుంది?

వేసవి వచ్చిందంటే మన పెరళ్ల రూపమే మారిపోతుంది. చలికాలమంతా విరగబూసిన చేమంతులు వెనకబడతాయి. గోడవారనున్న మల్లెపొద మొగ్గ తొడుగుతుంది. కుండీలో గడ్డిగులాబీలు, దడిమీద శంఖుపూలు, వాకిటి పందిరిమీద రాధామనోహరం, పెరటి పందిరిమీద సొర, బీర, పొట్ల, నేలమీద గుమ్మడి ఒకదాని తరువాత ఒకటి పూస్తాయి. “మా ఇంట్లో ఇది పూసింది, మీ ఇంట్లో ఏం పూసింది?” అని ఇరుగుపొరుగు అమ్మలు గోడమీదుగా పలకరించుకొనే రోజులివి.

ఏం పూసిందని అందరూ అడుగుతారు. ఏ వేళకు పూసిందని అడిగేవారు తక్కువ. ఆ రెండో ప్రశ్న ఎంత ముఖ్యమైనదో ఒక సొరపాదు మా తరగతికి నేర్పింది. ఆ సంగతి చెబుతాను, వినండి.

ఒకే సలహా, రెండు ఫలితాలు

ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులవి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, “మాస్టారూ, మా సొరపాదుకు పిందెలు వస్తున్నాయి గాని, వేలెడంత అయ్యేసరికి పసుపుబారి రాలిపోతున్నాయి. పాదు పీకేసి ఆ చోట గోంగూర వేస్తానంటోంది మా నాయనమ్మ” అన్నది.

వెనక బెంచీ అబ్బాయి అందుకున్నాడు. “మా గుమ్మడికీ అలాగే అయింది. మా అమ్మ రోజూ పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దింది. ఇప్పుడు మూడు కాయలు నిలిచాయి. నువ్వూ అలాగే చెయ్యి” అన్నాడు.

సలహా బాగానే ఉన్నది. అమ్మాయి వారం రోజులు బడికి బయలుదేరే ముందు ఆ పని చేసింది. ఒక్క పిందే నిలవలేదు!

“నువ్వు అద్దేటప్పటికి పూలు ఎలా ఉన్నాయి?” అని అడిగాను.

“కొంచెం వడలినట్లు ఉన్నాయి, మాస్టారూ.”

“మరి అవి ఎప్పుడు విచ్చుకున్నాయి?”

అమ్మాయి జవాబు చెప్పలేదు. తరగతిలో మరెవ్వరూ చెప్పలేదు. ప్రతి ఇంట్లోనూ సొరపాదు ఉన్న ఊరు మాది! సొరపువ్వును అందరం చూశాం, అది విచ్చుకోవడం మాత్రం ఎవరమూ చూడలేదు.

పిందె ఎందుకు రాలుతుంది?

ముందు పిందె సంగతి తెలుసుకొందాం. సొర, గుమ్మడి, బీర, పొట్ల, కాకర, దోస ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. వీటిలో సాధారణంగా మగపూలు వేరు, ఆడపూలు వేరు. రెండూ ఒకే తీగమీద పూస్తాయి. వీటిని గుర్తించడం సులభం. మగపువ్వు సన్నని కాడమీద నిలబడుతుంది. ఆడపువ్వు కింద చిన్న కాయలాంటి భాగం ఉంటుంది. దానినే మనం పిందె అంటాం. నిజానికి అది అండాశయం. అంటే పువ్వు విచ్చుకోకముందే పిందె ఉన్నదన్నమాట!

కాని ఆ పిందె కాయ కావాలంటే మగపువ్వులోని పుప్పొడి ఆడపువ్వు కీలాగ్రాన్ని చేరాలి. దీనినే పరాగ సంపర్కం అంటారు. ఈ పూల పుప్పొడి రేణువులు పెద్దవి, జిగురుగా ఉంటాయి. గాలికి ఎగిరిపోవు. తేనెటీగో, రెక్కల పురుగో మోసుకురావలసిందే. అవి రాకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. ఎండలు ముదిరి, పగటి పొద్దు పెరిగినప్పుడు ఈ తీగలకు మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ వస్తాయి. కాబట్టి వేసవిలో ఒక్క ఆడపువ్వు వృథా అయినా నష్టమే.

వేళకో పువ్వు

ఇప్పుడు మన పెరట్లో ఒక రోజంతా కూర్చొని చూద్దాం.

తెల్లవారుజామున, ఇంకా చీకటి ఉండగానే గుమ్మడిపువ్వు విచ్చుకుంటుంది. పసుపుపచ్చని పెద్ద గిన్నెలా ఉండే ఆ పువ్వు పొద్దెక్కి ఎండ చురుక్కుమనేసరికి ముడుచుకుపోతుంది. కాకర, నేతిబీర కూడా ఉదయపు పూలే. మందారం పొద్దున విచ్చుకొని సాధారణంగా ఆ ఒక్కరోజుతోనే సరిపెట్టుకుంటుంది.

ఎండ బాగా కాసిన తరువాత గడ్డిగులాబీ కళ్లు తెరుస్తుంది. దీనిని నాచుపువ్వనీ, టేబుల్ రోజా అనీ కూడా అంటారు. మనం పప్పులో వేసుకొనే గంగపాయలకూరకు ఇది చుట్టం. మధ్యాహ్నం దాటేసరికి ముడుచుకుంటుంది.

సాయంత్రం నాలుగు దాటిన తరువాత చంద్రకాంత పూలు విచ్చుకోవడం మొదలవుతుంది. పొద్దు వాలే వేళకు బీర, సొర పూస్తాయి. చీకటి పడే వేళకు అంచులకు కుచ్చులున్న తెల్లని పొట్లపువ్వు, మల్లె, రాధామనోహరం విచ్చుకుంటాయి. మల్లెలు కోసేవారు పొద్దున్నే మొగ్గలుగా కోస్తారు గదా! ఆ మొగ్గ సాయంత్రానికి జడలో విచ్చుకుంటుందని వారికి తెలుసు.

మా అమ్మాయి చిక్కు ఇక్కడ విడిపోయింది. గుమ్మడి ఉదయపు పువ్వు, సొర సాయంకాలపు పువ్వు. నిన్న సాయంత్రం విచ్చుకున్న సొరపువ్వుకు ఈ రోజు పొద్దున వెళ్లి పుప్పొడి అద్దితే లాభమేమిటి? అప్పటికి పుప్పొడి సత్తువ తగ్గిపోతుంది. సలహా మంచిదే, వేళ తప్పింది!

ఎవరి కోసం ఈ వేళలు?

పూలన్నీ ఒకే వేళకు ఎందుకు పూయవు? వాటి అతిథులను చూస్తే కారణం తెలుస్తుంది. తేనెటీగలు పగటి జీవులు. తెల్లవారగానే పనికి బయలుదేరుతాయి. గుమ్మడిపువ్వు అప్పటికే తలుపు తీసి సిద్ధంగా ఉంటుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగుల సంగతి వేరు. చీకట్లో ఎరుపు, ఊదా రంగులు కానరావు. తెలుపు మసక వెలుతురులో కూడా కనిపిస్తుంది. సువాసన దూరం నుంచి దారి చూపిస్తుంది. మల్లె, పొట్ల, సొర పూలు తెల్లగా ఉండడానికీ, మల్లె వాసన సాయంత్రమే గుప్పుమనడానికీ ఇదే కారణం.

రాధామనోహరం ఇంకా గడుసుది. సంధ్యవేళ తెల్లగా విచ్చుకొని రాత్రి పురుగులను పిలుస్తుంది. మరునాడు గులాబీరంగుకు, ఆ మరునాడు ఎరుపుకు మారుతుంది. పగటివేళ సీతాకోకచిలుకలు, తేనెటీగలు దానిమీద వాలుతాయి. ఒకే గుత్తిలో మూడు రంగులు కనిపించేది ఇందువల్లనే.

“అయితే తెల్లపూలు రాత్రివి, రంగుపూలు పగటివి” అని సూత్రం రాసుకుంటున్నారా? ఆగండి. బీరపువ్వు పసుపుపచ్చనిదే అయినా సాయంత్రమే పూస్తుంది. దానికి దగ్గర చుట్టమైన నేతిబీర కూడా పసుపుపచ్చనిదే, కాని ఉదయం పూస్తుంది! చంద్రకాంతలో ఎర్రనివీ, పచ్చనివీ కూడా సాయంత్రపు పూలే. ప్రకృతిలో చాలా సూత్రాలు “ఎక్కువగా” అన్న మాటతోనే చెప్పుకోవాలి. అందుకే పుస్తకంలోని సూత్రం చదివిన తరువాత కూడా పెరట్లోకి వెళ్లి చూడాలి.

పువ్వుకు వేళ ఎలా తెలుస్తుంది?

రేకుల లోపలివైపు కణాలు బయటివైపు కణాలకంటె ఎక్కువగా పెరిగితే రేకు వెలుపలికి వంగుతుంది. పువ్వు విచ్చుకుంటుంది. మరి ఈ పని సరిగ్గా ఆ వేళకే మొదలుపెట్టమని ఎవరు చెప్తారు?

1729లో ఫ్రాన్సు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ద మెరాన్ ఒక చిన్న ప్రయోగం చేశాడు. పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకొనే అత్తిపత్తి వంటి మొక్కను చీకట్లో ఉంచాడు. సూర్యుడు కనిపించకపోయినా, ఆ మొక్క పగటి వేళకు ఆకులు విప్పింది, రాత్రి వేళకు ముడిచింది! మొక్కలోపలే ఒక గడియారం ఉన్నదనడానికి ఇది తొలి నిదర్శనం. దీనిని జీవగడియారం అంటాం.

1751లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఏ పువ్వు ఎన్ని గంటలకు విచ్చుకుంటుందో, ఎన్ని గంటలకు ముడుచుకుంటుందో పట్టిక రాసి, దానికి పూల గడియారం అని పేరు పెట్టాడు. జీవగడియారం కణాల్లో ఎలా నడుస్తుందో పండ్ల ఈగల్లో కనిపెట్టిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి లభించింది. మొక్కల్లోని గడియారం వేరే జన్యువులతో నడుస్తుంది, కాని అదికూడా సుమారు 24 గంటల గడియారమే.

అన్ని పూలూ లోపలి గడియారాన్ని మాత్రమే నమ్ముకోవు. గడ్డిగులాబీ వెలుతురును, వేడిమిని కూడా చూసుకుంటుంది. మబ్బు పట్టిన రోజున సరిగా విచ్చుకోదు. తూర్పు అరుగుమీది కుండీలో ఎనిమిదింటికి పూస్తే, గోడ నీడలోని కుండీలో పదింటికి పూయవచ్చు. అందుచేత నా వేళలను కూడా మీరు ఉజ్జాయింపుగానే తీసుకోవాలి. మీ ఊరి వేళ మీరే రాసుకోవాలి.

పాదు ఏమైంది?

నాయనమ్మ దగ్గర రెండు వారాలు గడువు అడగమని అమ్మాయికి చెప్పాను. “సాయంత్రం పూలు విచ్చుకోగానే అద్దు. అయితే అన్ని ఆడపూలకూ అద్దకు. సగం పూలకు అద్ది, వాటి కాడలకు ఎర్రదారం కట్టు. మిగిలిన సగాన్ని అలాగే వదిలెయ్యి” అన్నాను.

సగం ఎందుకు వదలాలి? అన్నిటికీ అద్దితే, కాయలు నిలిచినా అవి అద్దడం వల్లనే నిలిచాయో, వాతావరణం మారడం వల్ల నిలిచాయో మనకు తెలియదు. పోల్చడానికి రెండో జట్టు ఉండాలి. ప్రయోగంలో ఇదే ప్రాణం.

దారం కట్టిన పిందెల్లో ఎక్కువ భాగం నిలిచాయి. కట్టనివాటిలో ఒక్కటి మాత్రం నిలిచింది, బహుశా ఏ రెక్కల పురుగో వచ్చి ఉంటుంది. ఒక్క పాదుతో శాస్త్రం తేలిపోదు గాని, నాయనమ్మ మాత్రం గోంగూరను మరో మడిలో వేసింది.

మీరు చేసి చూడండి

మీ పెరట్లోనో, మేడమీది కుండీల్లోనో పూసే అయిదు పూలను ఎంచుకోండి. ఒక నోటుపుస్తకంలో పువ్వు పేరు, తేదీ, విచ్చుకున్న వేళ, ముడుచుకున్న వేళ, ఎండో మబ్బో, దానిమీద వాలిన పురుగు ఏదో రాయండి. చూడనిది రాయకండి. ఒక రోజు మరచిపోతే ఆ గడి ఖాళీగా వదలండి. ఊహించి నింపిన గడికంటె ఖాళీ గడి ఎంతో మేలు. వారం తరువాత మీ పట్టికను స్నేహితుని పట్టికతో పోల్చండి. తేడా వస్తే ఎవరిది తప్పని పోట్లాడుకోకండి. ఎవరి మొక్కకు ఎప్పుడు ఎండ తగులుతున్నదో చూడండి.

పాదులకు పుప్పొడి అద్దదలచుకుంటే, అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు తీసి, కేసరాలను ఆడపువ్వు కీలాగ్రానికి మెల్లగా తాకించండి. పూలు విచ్చుకొని ఉన్న వేళ పురుగుమందు మాత్రం చల్లనివ్వకండి. కాయనిచ్చే అతిథులు వచ్చే వేళ అదే!

ఈ సాయంత్రం పొద్దు వాలే వేళ సొరపందిరి కిందో, మల్లెపొద దగ్గరో ఒక అరగంట కూర్చోండి. మొగ్గ పువ్వు కావడం మీ కళ్లతో చూడండి. మీ పట్టికలో మొదటి గడి అదే అవుతుంది.