స్పిరిట్ పొయ్యికి స్టాండు, గాలి అడ్డు

కూల్‌డ్రింక్ టిన్ను అడుగు కోసి స్పిరిట్ పొయ్యి చేసుకోవడం తేలికే. చిక్కంతా ఆ తర్వాతే. మొదటిసారి లంబసింగిలో తెల్లవారుజామున టీకి నీళ్లు పెట్టాను. పోసిన స్పిరిట్ అయిపోయింది, నీళ్లు మాత్రం గోరువెచ్చగానే ఉన్నాయి. గిన్నెను పొయ్యి అంచుకు మరీ దగ్గరగా పెట్టాను. దానికి తోడు మంటను గాలి పక్కకు లాగేసింది. ఈ రెండూ సరిచేసుకుంటే అదే పొయ్యి బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

నా పొయ్యి 6.5 సెం.మీ. వెడల్పు, 4.5 సెం.మీ. ఎత్తు. గిన్నె వెడల్పు 12 సెం.మీ. మీ సామాను వేరైతే కొలతలు మార్చుకోండి.

ముందు స్టాండు. ఇనుప సామాన్ల కొట్లో స్టీలు జాలీ ముక్క అడగండి. జింకు పూత ఉన్నది వద్దు, బాగా కాలితే పొగ మంచిది కాదు. 30 సెం.మీ. పొడవు, 7.5 సెం.మీ. ఎత్తున కోసి గుండ్రంగా చుట్టి, రెండు కొసలూ 2 సెం.మీ. ఒకదానిమీద ఒకటి వచ్చేలా తీగతో కట్టండి. పొయ్యికీ గిన్నెకూ మధ్య 3 సెం.మీ. ఖాళీ వస్తుంది. ఆ ఖాళీయే ప్రాణం. మరీ తగ్గితే మంట ఊపిరాడక మసిబారుతుంది, మరీ పెరిగితే వేడి దారిలోనే పోతుంది. కోసిన జాలీ కొసలు చేతికి గీసుకుంటాయి, ఆకురాయితో రుద్దండి.

గాలి అడ్డుకు పార్శిల్ భోజనానికిచ్చే పెద్ద అల్యూమినియం ట్రేలు చాలు. కడిగి, గరిటె వెనక వైపుతో సాపు చేసి, అతికేలా అంచులు మడిచి 47 సెం.మీ. పట్టీ చేయండి. గిన్నె చుట్టూ వేలెడు సందు ఉండాలి. ఎత్తు, స్టాండు మీద పెట్టిన గిన్నెకు సగానికి పైగా రావాలి. పట్టీ కింది అంచున సగం పొడవు వరకూ, కాగితాలకు చిల్లులు వేసే పంచితో రెండు వరసల చిల్లులు వేయండి. వాడేటప్పుడు చిల్లులున్న వైపు గాలికి ఎదురుగా పెట్టకండి. చిల్లులు లేకుండా మూసేస్తే పొయ్యి మితిమీరి వేడెక్కి మంట ఎగదన్నుతుంది.

ఆర్పడానికి కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా బోర్లించండి, చాలు. పట్టుకోవడానికి తీగ పిడి పెట్టుకోండి. నోటితో ఊదితే స్పిరిట్ చిందుతుంది.

స్పిరిట్ మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు. అందుకే పూర్తిగా చల్లారాక తప్ప మళ్లీ పోయకండి. దగ్గు మందు సీసా మూతతో కొలవండి, నాకు అర లీటరు నీళ్లకు 25 మి.లీ. దాకా పడుతుంది. ఆ మూత మీద ‘విషం’ అని రాసి పెట్టండి, మళ్లీ మందుకు వాడొద్దు. టెంటు లోపల వెలిగించొద్దు. రైల్లో, విమానంలో స్పిరిట్ తీసుకెళ్లనివ్వరు కనుక దిగిన ఊళ్లోనే పెయింట్ల కొట్లో వాకబు చేయండి.