స్నానమంటే గొడవ, కీర్తనంటే నెమ్మది

ప్రశ్న: మా అత్తగారికి 78 ఏళ్లు. అల్జీమర్స్ అన్నారు. నన్ను గుర్తుపట్టరు, స్నానమంటే గొడవ. రామదాసు కీర్తన వినబడితే మాత్రం చరణాలతో సహా పాడేస్తారు. పాటలతో జబ్బు తగ్గుతుందా?
– ఓ కోడలు, భద్రాచలం

జవాబు: జబ్బు తగ్గదమ్మా. దిగులు మాత్రం తగ్గవచ్చు. ఈ జబ్బులో ముందు నిన్నటి సంగతులు పోతాయి. వయసులో ఉండగా విన్న పాటలు చాలాకాలం నిలుస్తాయి. కాబట్టి రామదాసు కీర్తనల్లోనూ ఆవిడకు అలవాటైన గొంతే వెతకండి. బాలమురళీకృష్ణ కావచ్చు, ఊరి భజన బృందం వరసే కావచ్చు. భక్తి పాటలే కావాలనీ లేదు. నాట్లేసిన మనిషికి నాట్ల పాట, మీ పక్క కోయగూడెంలో పెద్దలకు రేల పాట ఇంకా బాగా పట్టొచ్చు.

స్నానానికి పావుగంట ముందు పాట పెట్టండి. చెంబు ఆవిడ చేతికిచ్చి మీరూ గొంతు కలపండి. మధ్యలో ప్రకటనలు రాకుండా పాటను ఫోన్‌లో దించుకోండి, ఆ అరుపులకు ఉలిక్కిపడతారు. టీవీ కట్టేయండి. రోజంతా మోగిస్తే కీర్తనైనా రొదే! కళ్లు చెమర్చితే కంగారు పడకండి. మొహం చిట్లించినా, చెవులు మూసుకున్నా ఆపేయండి.

ఒకటి రెండు రోజుల్లోనే తికమక బాగా పెరిగితే పాటలతో సరిపెట్టకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, వెంటనే డాక్టరుకు చూపించండి.