ఫొటో పక్కన పెట్టండి, మనిషిని చూసి గీయండి

ఫైన్ ఆర్ట్స్‌లో చేరే పిల్లల్లో చాలామంది ఊళ్లో పేరు తెచ్చుకునే వస్తారు. హీరో బొమ్మ అచ్చు దించేస్తాడన్న పేరు. ఫోన్‌లో ఫొటో పెట్టుకుని, గళ్లు కొట్టుకుని, వారం రోజులు ఓపిగ్గా షేడింగ్ చేసిన బొమ్మలవి. అదే విద్యార్థిని లైఫ్ క్లాసులో కూర్చోబెడితే చెయ్యి కదలదు. ఎదురుగా ఉన్న మోడల్‌ ఊపిరి తీస్తే ఛాతీ కదులుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది, కాసేపటికి భుజం కాస్త జారుతుంది. గళ్లు కొట్టే వీల్లేదు. లోతున్న రూపాన్ని చదునుగా మార్చే పని ఫొటోలో కెమెరా చేసిపెడుతుంది. ఇక్కడ అది మీ కన్నే చేయాలి. లైఫ్ డ్రాయింగ్‌లో నేర్చుకోవాల్సింది ఇదే. పోలిక కుదరడం తర్వాతి మాట.

నాలుగేళ్ల బీఎఫ్‌ఏ చదవాలనుకునేవాళ్లకు హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో వైఎస్సార్ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉన్నాయి. ఎక్కడ చేరినా టైంటేబుల్‌లో ఉన్న మోడల్ క్లాసులు మాత్రమే చాలవు. వాటినే నమ్ముకున్నవాళ్ల గీత ఫైనలియర్‌లోనూ భయంభయంగానే ఉంటుంది.

మొదట వేగం అలవాటు చేసుకోండి. ఒక్క నిమిషం పోజులు ఇరవై, తర్వాత ఐదు నిమిషాలవి నాలుగు, చివర అరగంట పోజు ఒకటి. నిమిషంలో కళ్లూ ముక్కూ గీయలేరు కాబట్టి ఒళ్లు ఎటు వంగిందో, బరువు ఏ కాలి మీద ఉందో పట్టుకోక తప్పదు. అమెరికన్ అధ్యాపకుడు కిమోన్ నికొలాయిడ్స్ పాఠాలు 1941లో పుస్తకంగా వచ్చాయి. ఆయన కూడా శిష్యులతో మొదటి నుంచే ఈ తొందర గీతలు వేయించారు. చిన్న నోట్‌బుక్కులో వేళ్లతో గీకకుండా, పెద్ద బోర్డుకు చవక కాగితం క్లిప్ చేసి, చార్‌కోల్ పట్టుకుని, భుజం నుంచి చెయ్యి ఆడించండి. ఖరీదైన షీటు కొంటే చెడగొట్టడానికి మనసొప్పదు. ఈ దశలో చెడగొట్టడమే పని.

బరువు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మనిషి ఒంటికాలి మీద బరువేసి నిలబడితే ఆ వైపు నడుము ఎముక పైకి లేస్తుంది, అదే వైపు భుజం సాధారణంగా కిందికి దిగుతుంది. గొంతు గుంట నుంచి నిట్టనిలువుగా గీత దించితే అది బరువు మోస్తున్న కాలి చీలమండ దగ్గరికి చేరాలి. ఎక్కడికో పోయిందంటే మీ బొమ్మ పడిపోతున్నట్టే. షేడింగ్ ఎంత నున్నగా చేసినా దాన్ని నిలబెట్టలేరు. ఆ గీతను పెన్సిలు వేలాడదీసి చూసుకోండి. కొలతలు తీసేటప్పుడు మోచెయ్యి మడవకుండా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద తల పొడవు గుర్తుపెట్టుకోండి.

పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడున్నర తలలు. ఆండ్రూ లూమిస్ వంటి చిత్రకారులు తమ పుస్తకాల్లో ఎనిమిది తలల ఆదర్శ కొలత ఇచ్చారు. మన శిల్పశాస్త్రాల్లో దేవతామూర్తులకు నవతాళం చెప్పారు, అంటే ముఖం పొడవుకు తొమ్మిదింతలు. ఇవన్నీ తెలుసుకోవాల్సినవే. కానీ మీ ముందు కూర్చున్న మోడల్‌ ఏ శాస్త్రమూ చదివి రాలేదు. మోకాళ్ల మీద కూర్చుంటే, బాసింపట్టు వేసుకుంటే ఆ లెక్కలన్నీ తలకిందులవుతాయి. అక్కడ శరీరానికీ చేతికీ మధ్య మిగిలిన ఖాళీ ఆకారాన్ని గీస్తే సరైన కోణం దానంతటదే వస్తుంది.

నగ్న మోడల్ దొరకలేదని కొందరు బెంగపడతారు. ముంబైలోని సర్ జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్ వంటి పాత సంస్థల్లో ఆ సంప్రదాయం ఉంది. మన దగ్గర మోడల్ ఎక్కువగా చీరలోనో పంచెలోనో కూర్చుంటారు. అదేమీ చిన్న పాఠం కాదు. బట్ట భుజం దగ్గర, మోకాలి దగ్గర ఎక్కడ పట్టుకుందో అక్కడి నుంచే మడతలు పుడతాయి. వాటిని అర్థం చేసుకుని గీయగలిగితే లోపలున్న ఒళ్లు తెలిసినట్టే. సాలార్‌జంగ్ మ్యూజియంలో శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా విగ్రహం ముందు, సిబ్బందిని అడిగి, ఒక మధ్యాహ్నం నిలబడండి. పల్చని బట్ట కింద ముఖాన్ని పాలరాతిలో ఎలా చూపించాడో అర్థమవుతుంది. పైగా ఆ మోడల్ కదలదు.

మిగతా సాధన బయట చేయండి. బస్టాండులో బెంచీ మీద కునుకు తీసేవాళ్లు, రైతుబజారులో గొంతుక్కూర్చుని బేరమాడేవాళ్లు, మగ్గం మీద నేతగాళ్లు దొరుకుతారు. మగ్గం దగ్గర ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి వదిలిన గీతను తర్వాతి విసురులో పట్టుకోవచ్చు. రాజమండ్రి వెళ్తే దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూడండి. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి జేజేలో చదివిన ఆ చిత్రకారుడు 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే పోయారు. రంగుల చిత్రాల దగ్గరే ఆగిపోకుండా స్కెచ్‌ల ముందు ఎక్కువసేపు గడపండి.

ఉద్యోగాల సంగతికొస్తే, స్టోరీబోర్డు ఆర్టిస్టు ఏ కోణం నుంచి అడిగినా మనిషిని గీయగలగాలి. యానిమేషన్, గేమ్ క్యారెక్టర్ డిజైన్‌లోనూ అంతే. తెనాలి శిల్పుల్లా విగ్రహాలు చేయాలనుకుంటే మట్టిలో నాలుగు వైపులా శరీరం కుదరాలి. డ్రాయింగ్ టీచరు కావాలనుకునేవాళ్లు నోటిఫికేషన్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు అడిగారో లేదో ముందే చూసుకోండి. పోర్ట్‌ఫోలియోలో ఫొటో చూసి వేసిన పోర్ట్రెయిట్ ఒకటి చాలు. మిగతా చోటంతా నిమిషం గీతలకు, చేతులూ పాదాల స్టడీలకు ఇవ్వండి. నున్నటి ఫినిషింగ్ ఇప్పుడు యంత్రం కూడా ఇస్తుంది. మీ చూపు ఎలా పనిచేస్తుందో ఆ తొందర గీతల్లోనే బయటపడుతుంది.

క్లాసు చాలకపోతే నలుగురైదుగురు కలిసి ఆదివారాలు మోడల్‌ని పిలుచుకోండి. ఎంతసేపు, ఏ పోజు, ఎంత డబ్బు అన్నది ముందే మాట్లాడుకోండి. మధ్యమధ్య విరామం ఇవ్వండి, ఫోన్లు సంచుల్లోనే ఉంచండి, ఆ మనిషి వినేలా ఒంటి గురించి వ్యాఖ్యలు చేయకండి. కదలకుండా గంటలు కూర్చోవడం కష్టమైన పని. దాని కూలి, బొమ్మలు ఎలా వచ్చినా సరే, లేచేలోపు చేతిలో పెట్టండి.