ఒంట్లో జల్లెడలు - మూత్రపిండాలు

బియ్యం జల్లెడ పడతాం. నూక, దుమ్ము కిందికి రాలుతాయి. బియ్యం పైన నిలుస్తాయి. మన ఒంట్లో రక్తాన్ని కూడా ఇలాగే రాత్రీ పగలూ జల్లించే జల్లెడలు రెండు ఉన్నాయి. అవే మూత్రపిండాలు. కిడ్నీలు అని అందరికీ తెలిసిన పేరు.

ఎక్కడ ఉంటాయి?

వీపు వైపు, నడుముకు కాస్త పైన, వెన్నెముకకు అటొకటి ఇటొకటి ఉంటాయి. చివరి పక్కటెముకలు వాటికి కాపలా. చూడటానికి చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయి. ఒక్కొక్కటి మన పిడికిలి అంత ఉంటుంది. బరువు సుమారు 150 గ్రాములు.

ఒక్కో కిడ్నీ నుంచి ఒక సన్నని గొట్టం కిందికి దిగుతుంది. దాని పొడవు జానెడు కంటే కొంచెం ఎక్కువ. రెండు గొట్టాలూ మూత్రాశయం అనే సంచిలోకి వెళ్తాయి. సంచి నిండుతుంటే మనకు ఒంటికి వెళ్లాలనిపిస్తుంది.

ఎలా పని చేస్తాయి?

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల చిన్న వడపోత గొట్టాలు ఉంటాయి. వాటిని నెఫ్రాన్లు అంటారు. కంటికి కనిపించనంత చిన్నవి.

పండక్కి ఇల్లు దులిపేటప్పుడు ఏం చేస్తాం? సామానంతా బయట పెడతాం. పనికొచ్చేవి మళ్లీ లోపలికి తెచ్చుకుంటాం. మిగిలింది చెత్తకుప్పలో వేస్తాం. నెఫ్రాను కూడా అంతే. ముందు రక్తంలోని నీరు, ఉప్పు, చక్కెర, చెత్త అన్నీ వడగట్టి బయటికి తీస్తుంది. తర్వాత కావలసినంత నీరు, ఉప్పు, చక్కెర మళ్లీ రక్తంలోకి పంపుతుంది. మిగిలిందే మూత్రం.

ఇలా రోజుకు వడగట్టే నీరు సుమారు 180 లీటర్లు. 15 లీటర్ల బిందెతో కొలిస్తే 12 బిందెలు! మన ఒంట్లో ఉండే రక్తం 5 లీటర్లే కదా? నిజమే. ఆ రక్తమే తిరిగి తిరిగి కిడ్నీలకు వస్తుంది. 12 బిందెల్లో మూత్రంగా బయటికి పోయేది ఒకటిన్నర లీటరే. తక్కినదంతా ఒంటికే చేరుతుంది.

ఇంకా ఏం పనులు?

రక్తపోటు అదుపులో ఉండాలంటే కిడ్నీలు బాగుండాలి. రక్తం పట్టాలన్నా, ఎముకలు గట్టిపడాలన్నా వాటి సాయం కావాలి. అందుకే కిడ్నీలు చెడినవారిలో చాలామంది రక్తం తగ్గి పాలిపోతారు.

నొప్పి లేని జబ్బు

ఒక కిడ్నీ దానం చేసినవారు కూడా ఆరోగ్యంగా బతుకుతున్నారు. కిడ్నీల బలం అంతటిది. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. సగం దెబ్బతిన్నా మిగతా సగం పని లాగించేస్తుంది. నొప్పి ఉండదు. "నాకేం? మూత్రం బాగానే వస్తోంది" అనుకుంటారు. మూత్రం వచ్చినంత మాత్రాన చెత్త పోతున్నట్టు కాదు. కాళ్లకు, ముఖానికి వాపు, ఆకలి లేకపోవడం, వాంతులు, ఆయాసం కనిపించేసరికి చాలామందిలో జబ్బు ముదిరిపోయి ఉంటుంది. అప్పుడు డయాలసిస్ చేయించుకోవాల్సి రావచ్చు. అంటే మిషనుతో రక్తం శుభ్రం చేయించుకోవడం. వారానికి 2, 3 సార్లు, ఒక్కోసారి సుమారు 4 గంటలు. కూలి పోతుంది. ఇల్లు గడవదు.

ఎందుకు చెడతాయి?

అదుపులో లేని షుగరు, బీపీ కిడ్నీలకు పెద్ద శత్రువులు. ఒళ్లు నొప్పులకు కొట్టులో బిళ్లలు కొని రోజూ మింగడం ప్రమాదం. ఏం కలిపారో తెలియని పసరు మందులు కూడా అంతే. రాళ్లు అడ్డం పడి మూత్రం నిలిచిపోయినా కిడ్నీ పాడవుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం అనే ప్రాంతం ఉంది. కొబ్బరి, జీడి తోటల సీమ. అక్కడ షుగరు లేనివారికి కూడా కిడ్నీ జబ్బు వస్తోంది. అసలు కారణం ఏమిటో ఇంకా తేలలేదు. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. కారణం తెలియకపోయినా జబ్బును ముందే పట్టుకోవచ్చు. దానికి దారి పరీక్ష ఒక్కటే.

చీటీ చదవండి

జల్లెడ చిరిగితే బియ్యం కూడా కిందికి జారతాయి. అలాగే కిడ్నీ దెబ్బతింటే ఆల్బుమిన్ అనే మాంసకృత్తు మూత్రంలోకి జారుతుంది. మూత్ర పరీక్షలో అది తెలుస్తుంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ చూస్తారు. అది కండల నుంచి వచ్చే చెత్త. కిడ్నీ సరిగా వడగట్టకపోతే రక్తంలో పెరుగుతుంది.

షుగరు, బీపీ ఉన్నవారు ఏడాదికి ఒక్కసారైనా ఈ రెండు పరీక్షలూ చేయించుకోవాలి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మిగతావారు కూడా చేయించుకోవాలి. చీటీ పారేయవద్దు. క్రియాటినిన్ పక్కన ఉన్న అంకె మీరే చదవండి. పోయిన ఏడాది 0.9 ఉండి, ఈ ఏడాది 1.4 అయితే ఆలస్యం చేయవద్దు. రెండు చీటీలూ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

రోజూ పాటించవలసినవి

ఎండలో పని చేసేటప్పుడు మధ్య మధ్య మంచినీళ్లు తాగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి. ఉప్పు మనిషికి రోజుకు ఒక చిన్న చెంచా మించకూడదు. పచ్చళ్లలో, ఎండు చేపల్లో ఉన్న ఉప్పు కూడా అందులో లెక్కే.

చెప్పండి చూద్దాం

1. కిడ్నీలు రోజుకు ఎన్ని లీటర్లు వడగడతాయి? అందులో మూత్రంగా పోయేది ఎంత?
2. నొప్పి లేకపోయినా పరీక్ష ఎందుకు చేయించుకోవాలి?
3. మీ ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవారి పేర్లు రాయండి. వారు చివరిసారి పరీక్ష చేయించుకున్న తేదీ పక్కనే రాయండి. తేదీ తెలియకపోతే ఈ వారమే వారిని ఆసుపత్రికి తీసుకెళ్లండి.