హెర్క్యులేనియం గ్రంథములు – ఎపిక్యూరస్ దర్శనము

ఒక దర్శనమును ప్రతిపక్షుల వాక్యముల ద్వారా మాత్రమే ఎరుగవలసి వచ్చుట పరిశోధకునకు పెద్ద చిక్కు. పూర్వపక్షము ఖండనమునకు అనువైన రూపమునే ధరించుట సహజము. చార్వాకమతము ప్రధానముగా మాధవాచార్యుని సర్వదర్శనసంగ్రహము వంటి గ్రంథముల వలననే తెలియుచున్నది. గ్రీకు దేశమున ఎపిక్యూరస్ (క్రీ.పూ. 341–270) మతమునకును ఇంచుమించు ఇట్టి గతియే పట్టినది. ఆయన గ్రంథములు సుమారు 300 చుట్టలని డయోజెనీస్ లయెర్టియస్ చెప్పెను. కాని అతని గ్రంథమున నిలిచినవి మూడు లేఖలు, 40 సూత్రములు, మరికొన్ని వాక్యములు మాత్రమే. సిసెరో, ప్లూటార్కులు ఆ మతమును ఖండించినవారు. అందువలన సుఖమును పురుషార్థముగా చెప్పిన ఆచార్యుడు భోగలాలసుడను అపవాదమునకు పాత్రుడైనాడు.

ఈ కొరతను కొంత తీర్చునవి హెర్క్యులేనియం గ్రంథములు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము బ్రద్దలై ఇటలీలోని ఆ పట్టణమును పూడ్చివేసినది. 1752లో అచ్చటి ఒక భవనమున పపైరస్ చుట్టలు బొగ్గువలె మాడిన స్థితిలో బయల్పడినవి. ఆంటోనియో పియాజ్జో వాటిని మెల్లగా విప్పుటకు ఒక యంత్రమును కల్పించెను. చదువబడినవానిలో పెక్కు ఫిలోడెమస్ అను ఎపిక్యూరస్ మతానుయాయి రచనలు. ఎపిక్యూరస్ 37 భాగములుగా రచించిన ప్రకృతివిషయక గ్రంథపు ఖండములును లభించినవి. కాని విప్పుటలోనే పెక్కు చుట్టలు ధ్వంసమైనవి.

ఇపుడు చుట్టను విప్పకయే చదువు మార్గమేర్పడినది. ఎక్స్-కిరణములతో లోపలి పొరలను చిత్రించి, కంప్యూటరు సహాయమున సిరాజాడలను గుర్తింతురు. ఇందుకై 2023లో 'వెసూవియస్ ఛాలెంజ్' అను పోటీ ఏర్పాటైనది. యూసఫ్ నాదర్, లూక్ ఫారిటర్, జూలియన్ షిల్లిగర్‌లకు ప్రధాన బహుమానము లభించినట్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటించిరి. వారు వెలికిదీసిన అక్షరములు 2,000కు పైబడినవి. అరుదైన వస్తువు సమృద్ధిగా దొరకు వస్తువుకంటె ఎక్కువ సుఖమిచ్చునా అను విచారము అందు కలదు. 2025లో ఆక్స్‌ఫర్డ్‌నందలి మరియొక చుట్టలో ఫిలోడెమస్ పేరును, 'దోషములను గూర్చి' అను గ్రంథనామమును చదువబడినవి.

ఇట్లు లభించిన పాఠము ప్రత్యక్షమా, అనుమానమా అను ప్రశ్న ఉదయించును. యంత్రము చూపునది సిరాజాడ మాత్రమే. దానికి గ్రీకు భాష తెలియదు. అక్షరనిర్ణయము, పదవిభాగము, అన్వయము విద్వాంసుల పనియే. లుప్తభాగములను పూరించునపుడు పరిష్కర్తలు వాటిని కుండలీకరణములలో చూపుదురు. తాళపత్రములను పరిష్కరించువారికి ఈ నియమము సుపరిచితము. కుండలీకరణములలోని పదమును ఆధారము చేసికొని సిద్ధాంతమును స్థాపించుట యుక్తము కాదు; అట్లు చేసినచో పరిష్కర్త ఊహయే గ్రంథకర్త మతముగా చలామణి యగును.

మూలగ్రంథము లభించుటచే కలుగు ఉపకారము భారతీయులకు కొత్త కాదు. చార్వాకులు ప్రత్యక్షమొక్కటే ప్రమాణమందురని పూర్వపక్షగ్రంథములు చెప్పుచుండగా, 1940లో బరోడాలో ముద్రితమైన జయరాశిభట్టు తత్త్వోపప్లవసింహము ఆ ప్రత్యక్షమును సైతము ఖండించుచున్నది. జయరాశి మతము చార్వాకమునకు ఎంత సన్నిహితమను వివాదము ఉండుగాక, లోకాయతమునకు ఒకే రూపమను భావము సడలినది. ఎపిక్యూరస్ దర్శనము విషయమున ఫిలోడెమస్ గ్రంథములు చేయుచున్న మేలు ఇట్టిదే. ప్రతిపక్షుని అతని మాటలలోనే విన్న పిదప ఖండించుట శాస్త్రమర్యాద; ఆ మర్యాద పాటించుటకు ఈ మాడిన చుట్టలు అవకాశము కల్పించుచున్నవి.