ఇంజను ఊపిరి: ఇరుతెఱగుల వాయుపూరణము

డోర్నకల్ జంక్షనులో పెరిగిన బాలురకు రైలింజను వింతవస్తువు కాదు. కాజీపేట–విజయవాడ మార్గమునుండి భద్రాచలం రోడ్డునకు శాఖ చీలునది ఇచ్చటనే. నేడు ప్రధానమార్గమున విద్యుచ్ఛక్తితో నడుచు ఇంజనులే హెచ్చు. అయినను, పాత డీసెలు ఇంజను బరువైన గూడ్సుబండిని కదల్చునపుడు గుప్పున నల్లని పొగ విడుచుట మన యూరి పెద్దలు పలుమారులు చూచియున్నారు. ఆ పొగ యేల వచ్చును? పందెపుకార్ల రహస్యమొకటి యా పొగలోనే దాగియున్నది.

ఒకనాడు తరగతిలో నొక విద్యార్థి మమ్ము నిట్లడిగెను: “అయ్యా, పందెపుకారునకు టర్బోఛార్జరు, సూపర్‌ఛార్జరు రెండును బిగించినచో బలము రెండింతలగునా?” మేము వెంటనే సమాధానము చెప్పితిమి, అది తప్పు. ఆ తప్పును దిద్దుకొనుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

ఊపిరి యెందులకు?

కమ్మరి కొలిమిలో తిత్తి యూదనిదే నిప్పు రగులదు. ఇంజనునందును అంతే. గాలిలో ప్రాణవాయువు సుమారు అయిదవ వంతు మాత్రమే. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు దాని బరువునకు సుమారు 14.7 రెట్ల బరువుగల గాలి కావలెను. కావున నూనె నధికముగా పోసినంత మాత్రమున బలము హెచ్చదు; గాలి చాలనిచో నూనె సగము కాలి పొగయగును. సిలిండరులోనికి గాలిని బలవంతముగా నెట్టుటయే వాయుపూరణము.

రెండు సాధనములు

సూపర్‌ఛార్జరనునది ఇంజను ఇరుసుచేతనే పట్టీద్వారాగాని పండ్లచక్రములద్వారాగాని త్రిప్పబడు గాలిపంపు. ఇంజను తిరిగిన క్షణమే యిదియు తిరుగును, జాగు లేదు. అయితే ఇది యజమాని కంచములోని యన్నమే తిను సేవకుని వంటిది. తాను చేకూర్చిన బలములో కొంత తానే హరించును.

టర్బోఛార్జరు మార్గము వేఱు. స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బూషీ 1905లో దీనికి పేటెంటు పొందెను. ఇంజను విడిచిన వేడి వాయువు ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే యిరుసునందున్న మఱియొక చక్రము గాలిని లోనికి నెట్టును. వ్యర్థముగా పోవు శక్తియే యిచట పనివాడు. కాని విడుపు వాయువు చాలినంత రానిదే చక్రము వేగమందుకొనదు. డ్రైవరు నూనె నొక్కుమ్మడిగా హెచ్చించినను గాలి వెనుకబడును. పాత డీసెలు ఇంజనుల నల్లపొగకు ముఖ్యకారణ మిదియే. 1962లో మొదట దిగుమతియై, పిమ్మట వారణాసిలో తయారైన డబ్ల్యు.డి.ఎం.–2 ఇంజను 2,600 అశ్వశక్తి గలది. దానికి టర్బోఛార్జరు కలదు. ఆ పొగ కంటికి కనబడు జాగు.

రెంటిని కలిపిన విధము

1999లో అమెరికానుండి మొదట తెప్పింపబడిన డబ్ల్యు.డి.జి.–4 ఇంజనునందు ఈ చిక్కునకు చక్కని విరుగుడు కలదు. 4,000 అశ్వశక్తిగల ఈ ఇంజను రెండు ఘాతముల పద్ధతిది. బయటినుండి గాలి నెట్టనిదే అది నడువజాలదు. అందువలన దాని టర్బోఛార్జరును మొదట ఇంజనే పండ్లచక్రములతో త్రిప్పును. భారము పెరిగి విడుపు వాయువు బలపడినపుడు చక్రము తనంతట ముందునకు పరుగెత్తును. నడుమనున్న క్లచ్చి పట్టు విడుచును. తొక్కుట మానినను సైకిలు వెనుకచక్రము ఫ్రీవీలుపై తిరుగుచునే యుండుట మీరెఱుగుదురు. ఇదియు నట్టిదే. ఒకే యంత్రము మొదట సూపర్‌ఛార్జరు, తుదకు టర్బోఛార్జరు!

పందెపుకార్లలో రెండు యంత్రములను వేఱువేఱుగా నమర్తురు. కొన్ని పందెములలో కారు కారుతో పోటీపడదు, గడియారముతో పోటీపడును. ఒక్క చుట్టును అత్యల్పకాలమున ముగించుటయే గెలుపు. అట్టి పందెమున మలుపునుండి వెలువడు క్షణము మిక్కిలి విలువైనది. అచట వేగము తక్కువ. టర్బో యింకను మేల్కొనదు. ఆ లోటును సూపర్‌ఛార్జరు తీర్చును. వేగము హెచ్చిన పిదప టర్బో భారము వహించును. 1985లో ఇటలీ దేశపు లాన్‌చియా డెల్టా ఎస్–4 ర్యాలీకారు ఈ పద్ధతిలోనే వచ్చెను. దాని ఇంజను పరిమాణము 1,759 ఘనసెంటీమీటర్లు మాత్రమే. 2005లో వోక్స్‌వాగన్ సంస్థ సాధారణ కార్లకును దీనిని తెచ్చెను; అందు నిమిషమునకు సుమారు 3,500 చుట్లు దాటిన పిమ్మట సూపర్‌ఛార్జరు విశ్రమించును.

మా తప్పు, దాని దిద్దుబాటు

మొదటి యంత్రము గాలి పీడనమును 1.5 రెట్లు, రెండవది 1.6 రెట్లు చేయుననుకొందము. “ఒకటి సగము హెచ్చించును, రెండవది మఱి కొంత, రెండును కూడిన 2.1 రెట్లు” అని మేము చెప్పియుంటిమి. అది కూడిక కాదు, గుణకారము. మొదటిది నొక్కిన గాలినే రెండవది మరల నొక్కును: 1.5 × 1.6 = 2.4 రెట్లు.

అయితే గాలియు 2.4 రెట్లు వచ్చునా? రాదు. సైకిలుపంపు కొట్టునపుడు దాని మొదలు వేడెక్కుట చూడుడు. 30 డిగ్రీల గాలిని ఏ నష్టమును లేకుండ 2.4 రెట్లు నొక్కినను అది సుమారు 116 డిగ్రీలకు చేరును. వేడి గాలి వ్యాకోచించును గనుక సాంద్రత 1.87 రెట్లు మాత్రమే యగును. దానిని 50 డిగ్రీలకు చల్లార్చినచో 2.25 రెట్లగును. కావుననే అట్టి కార్లలో గాలిని చల్లార్చు జాలకము నమర్తురు. అదియు లేనిచో వేడిచే పెట్రోలు అకాలమున నంటుకొని, పిస్టనును సుత్తితో మోదినట్లు మోదును.

ఒక హెచ్చరిక

డెల్టా ఎస్–4 కారును నడిపి 1985లో బ్రిటన్ ర్యాలీ గెలిచిన ఫిన్లండు వీరుడు హెన్రీ తోయివొనెన్, 1986 మే 2న కోర్సికా ద్వీపమున అదే జాతి కారు త్రోవ తప్పి మంటలలో చిక్కుకొనగా, సహచరుడు సెర్జియో క్రెస్తోతో కూడ మరణించెను. ఆ తరగతి కార్లను 1987నుండి ప్రపంచ ర్యాలీ పోటీలలో నిలిపివేసిరి. వాయుపూరణమే యా మృత్యువునకు కారణమని మేము చెప్పము. అట్లు చెప్పుట న్యాయము కాదు. కాని బలమును పెంచు విద్య నేర్చినవాడు దానిని పట్టి నిలుపు విద్యను గూడ నేర్వవలెను.

ఆ విద్యార్థి ప్రశ్న చిన్నదే. అది మా లెక్కను సరిదిద్దినది. ఉపాధ్యాయుడు చెప్పినదైనను కాగితముపై లెక్కించి చూచుట మఱవకుడు.

అభ్యాసము

1. ఒక యంత్రము 1.4 రెట్లు, మఱియొకటి 1.5 రెట్లు నొక్కినచో మొత్తము పీడనమెంత?
2. పాత డీసెలు ఇంజను బయలుదేరునపుడు నల్లపొగ విడుచుటయు, పిమ్మట పొగ పలుచనగుటయు ఏల?
3. నొక్కిన గాలిని చల్లార్చుటవలన లాభమేమి?