బంగ్లాదేశ్ స్వాతంత్ర్యము - ప్రపంచ దౌత్యము

ఒక దేశము స్వతంత్రమైనదని యెప్పుడు చెప్పవచ్చును? దాని సైన్యము గెలిచిన దినముననా? దాని పతాకము ఎగిరిన దినముననా? లేక తక్కిన దేశములు దానిని దేశముగా అంగీకరించిన దినముననా? యుద్ధములను గూర్చి చదువునంత శ్రద్ధగా రాయబారములను గూర్చి మనము చదువము. కాని ఉద్యోగపర్వము తెలియనివానికి భారతయుద్ధము సరిగా అర్థము కాదు. 1971లో తూర్పు బెంగాలు ప్రజలు సాగించిన స్వాతంత్ర్య సమరమును రాయబారముల వైపునుండి ఈ పాఠమున పరిశీలింతము.

కలహమునకు మూలము

1947లో ఏర్పడిన పాకిస్తాను రెండు ముక్కలుగా నుండెను. వాని నడుమ సుమారు 1,600 కిలోమీటర్ల భారతభూమి కలదు. ప్రజలలో సగముకంటె ఎక్కువమంది తూర్పు భాగమున నుండిరి. వారి భాష బెంగాలీ. అయినను 1948 మార్చిలో జిన్నా ఢాకాకు వచ్చి ఉర్దూ యొక్కటియే రాజభాష కావలెనని ప్రకటించెను. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో తమ భాషకై నిలిచిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపిరి. 1956 నాటి రాజ్యాంగము బెంగాలీకిని రాజభాషాస్థానము నిచ్చెను గాని, అధికారమును సైన్యమును పశ్చిమభాగమువారి చేతనే యుండెను.

1970 డిసెంబరు ఎన్నికలలో షేక్ ముజిబుర్ రహ్మాన్ నాయకత్వమున అవామీ లీగు తూర్పుభాగపు 162 సాధారణ స్థానములలో 160 గెలుచుకొనెను. 300 సాధారణ స్థానములుగల జాతీయసభలో అది స్పష్టమైన ఆధిక్యము. కాని అధ్యక్షుడు యాహ్యాఖాన్ సభాసమావేశమును వాయిదా వేసెను. 1971 మార్చి 25 రాత్రి సైన్యము ఢాకా ప్రజలపై విరుచుకుపడెను. మరునాడు స్వాతంత్ర్యము ప్రకటింపబడెను.

లోకము మౌనము వహించుట

ఏప్రిల్ 17న సరిహద్దునకు సమీపమున మెహెర్‌పూర్ ప్రాంతములో బంగ్లాదేశ్ తాత్కాలిక ప్రభుత్వము ప్రమాణస్వీకారము చేసెను. తాజుద్దీన్ అహ్మద్ ప్రధానమంత్రి అయ్యెను. మరునాడు కలకత్తాలోని పాకిస్తాను ఉప హైకమిషనరు హుస్సేన్ అలీ తన కార్యాలయముపై కొత్త పతాకము నెగురవేసెను. అయినను ఆ ప్రభుత్వమును వెంటనే గుర్తించుటకు ఏ దేశమును ముందునకు రాలేదు. ఏల?

మొదటి కారణము న్యాయసూత్రము. ఒక దేశపు అంతరంగిక విషయములలో ఐక్యరాజ్య సమితి జోక్యము చేసికొనరాదని దాని శాసనపత్రమే చెప్పుచున్నది. ఇది తన ఇంటి విషయమని పాకిస్తాను వాదించెను. కొత్తగా స్వతంత్రములైన ఆసియా, ఆఫ్రికా దేశములలో అనేక భాషలవారు, జాతులవారు కలరు. నైజీరియానుండి విడిపోవుటకు బయాఫ్రా చేసిన యుద్ధము 1970లోనే ముగిసెను. ఒకచోట సరిహద్దు మారిన తమ సరిహద్దులకును ముప్పు వచ్చునని ఆ దేశములు భయపడెను.

రెండవ కారణము స్వప్రయోజనము. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన సహోద్యోగులు తమ ప్రభుత్వ మౌనమును నిరసించుచు ఏప్రిల్ 6న తంతి పంపిరి. అధ్యక్షుడు నిక్సన్ దానిని లెక్కచేయలేదు. చైనాతో స్నేహమునకై ఆయన రహస్యముగా యత్నించుచుండెను. అందులకు మధ్యవర్తి యాహ్యాఖాన్. జూలైలో కిసింజర్ పాకిస్తానునుండియే రహస్యముగా పెకింగు వెళ్లెను. బెంగాలీల ఆక్రందనము ఆ పెద్ద లెక్కలలో చిన్న అంకె అయిపోయెను.

భారతదేశపు ప్రయత్నము

ఇంతలో కాందిశీకులు భారతదేశమునకు వెల్లువవలె వచ్చిరి. సంవత్సరాంతమునకు వారి సంఖ్య సుమారు ఒక కోటి. భారతదేశపు వాదమునకు ఇదియే బలము. కోటిమంది పొరుగుదేశమున తలదాచుకొనవలసి వచ్చినప్పుడు అది ఒక దేశపు ఇంటి విషయమెట్లగును?

అయినను భారతదేశము ఏప్రిల్‌లోనే యుద్ధమునకు దిగలేదు. వర్షకాలము వచ్చుచుండెను. సైన్యమునకు వ్యవధి కావలసియుండెను. లోకాభిప్రాయము ఇంకను కూడిరాలేదు. ఆగస్టు 9న ఢిల్లీలో సోవియట్ యూనియన్‌తో ఇరువది సంవత్సరముల శాంతి, మైత్రి, సహకార సంధి కుదిరెను. ఒకరిపై దాడి జరిగిన లేక దాడి భయము కలిగిన, ఇరువురును వెంటనే సంప్రదించుకొనవలెనని అందొక నిబంధన కలదు. శరత్కాలమున ప్రధానమంత్రి ఇందిరాగాంధీ బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికా మొదలగు దేశములకు స్వయముగా వెళ్లి పరిస్థితిని వివరించెను. నవంబరులో నిక్సన్‌తో జరిగిన సంభాషణ ఫలింపలేదు.

ఐక్యరాజ్య సమితిలో

డిసెంబరు 3న పాకిస్తాను విమానములు భారత విమానస్థావరములపై దాడి చేయగా పూర్తి యుద్ధము ఆరంభమయ్యెను. ఆ రాత్రియే విశాఖపట్టణపు తీరమునకు చేరువలో ఘాజీ యను పాకిస్తాను జలాంతర్గామి మునిగిపోయెను. దూరపు బెంగాలు యుద్ధము తెలుగుతీరమును తాకినది. డిసెంబరు 6న భూటాన్, భారతదేశములు బంగ్లాదేశ్‌ను గుర్తించినవి.

భద్రతా మండలిలో కాల్పుల విరమణ కోరు తీర్మానములను సోవియట్ యూనియన్ డిసెంబరు 4, 5, 13 తేదీలలో మూడుమార్లు వీటో చేసెను. వీటో అనగా శాశ్వత సభ్యదేశము ఒక్కటే కాదన్నను తీర్మానము వీగిపోవు అధికారము. డిసెంబరు 7న సర్వప్రతినిధి సభలో కాల్పుల విరమణకును, సేనల ఉపసంహరణకును అనుకూలముగా 104 ఓట్లు, ప్రతికూలముగా 11 ఓట్లు వచ్చెను. ఆ సభ తీర్మానములను బలవంతముగా అమలుపరచు అధికారము దానికి లేదు. అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ యుద్ధనౌకాదళమును బంగాళాఖాతమునకు పంపెను గాని అది యుద్ధమున పాల్గొనలేదు. డిసెంబరు 16న ఢాకాలో జనరల్ నియాజీ, జనరల్ అరోరా యెదుట లొంగుబాటుపత్రముపై సంతకము చేసెను. సుమారు 93,000 మంది బందీలైరి.

గుర్తింపునకై మరి మూడేండ్లు

యుద్ధము 13 దినములలో ముగిసెను. గుర్తింపునకు మాత్రము మూడేండ్లు పట్టెను. 1972లో బ్రిటన్, అమెరికా గుర్తించినవి. ఆ ఆగస్టులో ఐక్యరాజ్య సమితి సభ్యత్వమును చైనా వీటో చేసెను. 1974 ఫిబ్రవరిలో పాకిస్తానే గుర్తించెను. 1974 సెప్టెంబరు 17న బంగ్లాదేశ్‌కు సభ్యత్వము లభించెను. సెప్టెంబరు 25న ముజిబుర్ రహ్మాన్ ఆ మహాసభలో బెంగాలీ భాషలోనే ప్రసంగించెను. 1948లో ఢాకాలో రాజభాషాస్థానము నిరాకరింపబడిన పలుకు ప్రపంచసభలో వినబడినది.

మనము గ్రహింపవలసినది

104 ఓట్లు పడినంత మాత్రమున బెంగాలీల పక్షము అన్యాయమని చెప్పరాదు. ఓటు వేసిన చిన్నదేశములను నిందింపనును రాదు. సరిహద్దులను బలముతో మార్చరాదను నియమమే వానికి రక్ష. రెండు ధర్మములు ఎదురుపడినప్పుడు నిర్ణయ మెంత కష్టమో ఈ చరిత్ర చూపుచున్నది.

వేరొక సంగతి కలదు. బంగ్లాదేశ్ ఏర్పడిన పిమ్మట అచటి ఉర్దూ మాటలాడువారు అల్పసంఖ్యాకులై, అనేకులు దశాబ్దముల తరబడి శిబిరములలో, పౌరసత్వము స్థిరపడక జీవించిరి. 2008లో ఢాకా ఉన్నత న్యాయస్థానము వారి పౌరసత్వమును ధ్రువపరచెను. తన భాషకై రక్తము చిందించిన జాతియు ఇతరుల భాషను మరచిపోవచ్చును. గెలిచిన భాషకును ఈ హెచ్చరిక అవసరము.

పరభాషా ప్రాంతమున తెలుగు చదువుకొను మనకు ఇది దూరపు కథ కాదు. మన రాజ్యాంగము 29, 30 అధికరణములలో అల్పసంఖ్యాకుల భాషను, విద్యాసంస్థలను రక్షించుచున్నది. 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని చెప్పుచున్నది. హక్కును కోరుటకు పత్రము, విన్నపము, సభ అను మార్గములు మనకు తెరచియున్నవి. వానిని తల్లిదండ్రులు ఎరుగవలెను. పిల్లలు ఇంటి తెలుగును, ఊరి భాషను సమానశ్రద్ధతో నేర్వవలెను. ఫిబ్రవరి 21ని యునెస్కో 1999లో అంతర్జాతీయ మాతృభాషా దినముగా ప్రకటించినది. ఆ దినమున ఒక్క భాషనే కాదు, పొరుగువాని భాషను కూడ మన్నింతము.

ప్రశ్నలు

1. తాత్కాలిక ప్రభుత్వమును ఇతరదేశములు వెంటనే గుర్తింపకుండుటకు గల రెండు కారణములను వివరింపుడు.
2. కాందిశీకుల రాక భారతదేశపు వాదమున కెట్లు బలము చేకూర్చెను?
3. భద్రతా మండలికిని సర్వప్రతినిధి సభకును గల అధికార భేదమేమి?
4. మీ ఊరిలో ఎన్ని భాషలు వినబడునో పెద్దల నడిగి వ్రాయుడు.